భుజం జారితే...
(సైనికుల భుజాలకు చేసే మృదులాస్థి శస్త్రచికిత్స గురించి)

— బి.ఎస్‌సి. తృతీయ సంవత్సరం విద్యార్థి, కలమల్ల

మన భాషలో భుజానికి ఉన్నంత మర్యాద మరే అవయవానికీ లేదేమో! బాధ్యతను భుజాన వేసుకుంటాం, మెచ్చుకోవలసి వస్తే భుజం తడతాం. కావడి మోసేది భుజం, కాడి ఎత్తేది భుజం, కడకు పాడె మోసేది కూడా భుజమే. రైతుకు గడ్డపార, సైనికుడికి తుపాకీ ఆ భుజం మీదనే నిలుస్తాయి. ఇంత పని చేసే ఈ కీలు మన శరీరంలో అన్ని పెద్ద కీళ్ళకంటే సులభంగా తప్పిపోయే కీలు కూడా అంటే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది.

మా కలమల్లను ఊరి పేరుతో గుర్తుపట్టేవాళ్ళు రెండు రకాలు. చరిత్ర చదివినవాళ్ళకు అది రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం ఉన్న ఊరు. సుమారు క్రీ.శ. 575 నాటి ఆ శాసనాన్ని మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా పండితులు చెబుతారు. తక్కినవాళ్ళకు అది థర్మల్ పవర్ స్టేషన్ పొగగొట్టాలు కనబడే ఊరు. నేను చెప్పబోయేది ఈ రెండింటి గురించీ కాదు. తెల్లవారకముందే ఆ రోడ్ల మీద పరుగెత్తే పిల్లల గురించి. ఆర్మీ ర్యాలీలో నెగ్గాలంటే 1.6 కిలోమీటర్ల పరుగు తీయాలి, తొమ్మిది అడుగుల గుంత దూకాలి, బీమ్ పట్టుకుని శరీరాన్ని పైకి లాగాలి. అందుకని వేపకొమ్మకు వేలాడేవాళ్ళు, ఇనుప పైపుకు వేలాడేవాళ్ళు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పక్కల ఏ ఊళ్ళోనైనా కనబడతారు. వాళ్ళ బతుకుతెరువు అంతా ఆ రెండు భుజాల మీద ఆధారపడి ఉంది. అందుచేత భుజం జారితే లోపల ఏమి జరుగుతుంది, దాన్ని ఎట్లా బాగుచేస్తారు అన్నది వాళ్ళకూ మనకూ తెలిసి ఉండటం అవసరం.

చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఒక్కటే. జారిన ఎముక తిరిగి గూట్లో పడినంత మాత్రాన భుజం బాగయినట్టు కాదు.

సాసర్ మీద చీనీకాయ

మన తుంటి కీలును చూడండి. లోతైన గుంటలో తొడ ఎముక గుండు, రోట్లో పొత్రం మాదిరి కుదురుగా కూర్చుని ఉంటుంది. అది తప్పాలంటే పెద్ద ప్రమాదమే జరగాలి. భుజం కీలు అట్లా కాదు. చేతి పై ఎముకను భుజాస్థి అంటారు. దాని తల గుండ్రంగా, పెద్దగా ఉంటుంది. అది ఆనుకునేది వీపు పైభాగంలోని రెక్క ఎముకకు, అంటే అంసఫలకానికి, చివర ఉన్న ఒక చిన్న గుంటకు. ఆ గుంట గుంటలాగా కాక సాసర్ లాగా ఉంటుంది. సాసర్ మీద పులివెందుల చీనీకాయను నిలబెట్టినట్టు ఊహించుకోండి. ఏ సమయంలో చూసినా ఎముక తలలో నాలుగో వంతో, మహా అయితే మూడో వంతో మాత్రమే ఆ గుంటకు తగులుతూ ఉంటుంది.

ప్రకృతి ఇట్లా ఎందుకు చేసింది? చెయ్యి అన్ని దిక్కులకూ తిరగాలి కాబట్టి. విత్తనం చల్లాలన్నా, బంతి విసరాలన్నా, వీపు గోక్కోవాలన్నా చేతికి స్వేచ్ఛ కావాలి. ఆ స్వేచ్ఛ కోసం ప్రకృతి స్థిరత్వాన్ని వదులుకుంది. వదులుకున్నదాన్ని కొంత పూడ్చటానికి మూడు ఏర్పాట్లు చేసింది. మొదటిది, కీలు చుట్టూ ఉన్న కండరాలు. రెండవది, ఎముకకూ ఎముకకూ మధ్య తాళ్ళలాగా ఉండే సంధిబంధనాలు. మూడవది, మన వ్యాసానికి నాయకుడైనది, గుంట అంచు చుట్టూ ఉండే మృదులాస్థి వలయం. దీన్ని డాక్టర్లు లేబ్రమ్ అంటారు.

లేబ్రమ్ అంటే ఏమిటో మన ఇళ్ళలో తెలియనివాళ్ళు లేరు, పేరు మాత్రమే కొత్త. గుండ్రటి అడుగు ఉన్న కుండను నేల మీద పెడితే దొర్లిపోతుంది. దాని కింద గడ్డితోనో గుడ్డతోనో చుట్టిన చుట్టకుదురు పెడితే కదలకుండా నిలబడుతుంది. లేబ్రమ్ అచ్చంగా ఆ చుట్టకుదురే. గుంటకు ఉన్న లోతులో దాదాపు సగం ఈ వలయం వల్లనే వస్తుంది. అంతేకాదు, తడిసిన రెండు గాజు పలకలు ఒకదానికొకటి అంటుకుని విడదీయరాకుండా ఉండటం మనం ఫిజిక్స్ లాబొరేటరీలో చూసి ఉంటాం. కీలులోని ద్రవం, ఈ వలయం కలిసి ఎముక తలను గుంటకు అట్లాగే పట్టి ఉంచుతాయి. ముందువైపు సంధిబంధనాలు కూడా ఈ వలయానికే అతుక్కుని ఉంటాయి. అంటే వలయం ఊడితే తాళ్ళు కూడా ఊడినట్టే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కీలులో మృదులాస్థి రెండు చోట్ల ఉంది. ఎముకల కొనల మీద అద్దంలాగా నున్నగా ఉండే పూత ఒకటి. అంచు చుట్టూ నారపీచులాగా గట్టిగా ఉండే లేబ్రమ్ రెండవది. పూతకు రక్తనాళాలు అసలు లేవు. లేబ్రమ్‌కు బయటి అంచున మాత్రం కొద్దిగా ఉన్నాయి. నీరు పారని చేను ఎట్లాగో రక్తం పారని కణజాలం అట్లాగే. తెగిన చర్మం వారం రోజుల్లో మానుతుంది. తెగిన మృదులాస్థి అంత తొందరగా మానదు. మానినా ఉండవలసిన చోట కాకుండా, పక్కకు జారి అతుక్కుంటుంది. అసలు చిక్కంతా ఇక్కడే వచ్చింది.

సైనికుడి భుజం ఎందుకు జారుతుంది?

భుజం జారిన నూరుమందిలో తొంభై అయిదుమందికి పైగా ఎముక ముందువైపుకే జారుతుంది. చెయ్యి పక్కకు పైకెత్తి, అరచెయ్యి వెనక్కు తిరిగి ఉన్నప్పుడు వెనకనుంచి గుంజినట్టు దెబ్బ తగిలితే చాలు. రాయి విసరబోయేవాడి చెయ్యి ఎట్లా ఉంటుందో ఆ భంగిమ అన్నమాట. సైనిక శిక్షణలో ఈ భంగిమ అడుగడుగునా వస్తుంది. గోడ ఎక్కి దూకేటప్పుడు, తాడు పట్టుకుని ఎగబాకేటప్పుడు, బరువైన సంచితో కింద పడేటప్పుడు, పారాచూట్‌తో దిగేటప్పుడు, కబడ్డీలోనూ కుస్తీలోనూ పట్టుబడినప్పుడు చెయ్యి వెనక్కు మెలి తిరుగుతుంది.

అమెరికా సైన్యంలో 1998 నుంచి 2006 వరకు ఉన్న లెక్కలు తీసి చూస్తే, ఏటా ప్రతి వెయ్యిమందికి 1.69 చొప్పున భుజాలు జారినట్టు తేలింది. ఇది మామూలు జనంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా సైన్యంలో ఉండేది ఎక్కువగా కుర్రవాళ్ళు. కుర్రతనంలో ఒకసారి జారిన భుజం మళ్ళీ జారే అవకాశం ముసలివాళ్ళ భుజం కంటే చాలా ఎక్కువ. మామూలుగా లేతవయసు గాయాలు త్వరగా మానతాయని అనుకుంటాం. ఈ ఒక్క విషయంలో మాత్రం వయసు మనకు శత్రువు.

మన సైన్యంలో సైనికుడి ఆరోగ్యాన్ని షేప్ అనే అయిదు అక్షరాల పద్ధతిలో కొలుస్తారు. మనసు, వినికిడి, కాళ్ళుచేతులు, శరీర సామర్థ్యం, కంటిచూపు అన్నవి ఆ అయిదు. అన్నింటిలో ఒకటో తరగతి ఉంటేనే షేప్-ఒకటి. భుజం పదేపదే జారితే కాళ్ళుచేతుల అక్షరం దగ్గర తరగతి పడిపోతుంది. దాంతో కొన్ని చోట్ల పోస్టింగులకూ, కొన్ని కోర్సులకూ, ప్రమోషన్లకూ అడ్డం వస్తుంది. కొత్తగా చేరదలచినవాడికి అయితే భుజం పదేపదే జారే జబ్బు ఉందంటే మెడికల్ పరీక్షలోనే తలుపు మూసుకుంటుంది. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చిన తర్వాత సిపాయిగా చేరినవాడికి మొదట దొరికేది నాలుగేళ్ళ కాలమే. అందులో ఆరునెలలు భుజం పట్టుకుని కూర్చోవటమంటే చిన్న నష్టం కాదు.

రోకలి, ఎర్రటి ఇనుము

భుజం జారటం మనిషికి కొత్తగా వచ్చిన రోగం కాదు. దానికి వైద్యమూ కొత్తది కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో, తప్పిపోయిన భుజం కీలును చంకలో రోకలి పెట్టి పైకెత్తి సరిచేయమనీ, చోటికి వచ్చిన తర్వాత స్వస్తికం ఆకారంలో కట్టు కట్టమనీ ఉంది. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ చంకలో మడమ పెట్టి చేతిని లాగే పద్ధతి చెప్పాడు. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు దేశాలలో ఇద్దరు పెద్దలు ఒకే మెకానిక్స్ సూత్రాన్ని పట్టుకున్నారు. చంకలో ఆనుపు, చేతికి లాగుడు.

అయితే హిప్పోక్రటీస్‌కు ఇంకో విషయం కూడా తెలుసు. ఒకసారి జారిన భుజం మళ్ళీమళ్ళీ జారుతుంది. దానికాయన చెప్పిన మందు చంక లోపల ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టటం. కాలిన చోట మచ్చకట్టి, చర్మం బిగుసుకుని, ఎముకను ముందుకు రానివ్వదని ఆయన లెక్క. మన పల్లెల్లో కూడా నొప్పికి వాతలు పెట్టే అలవాటు నిన్నమొన్నటి దాకా ఉన్నదే కాబట్టి దీన్ని విని మనం నవ్వలేం. ఆయన ఊహలో సగం నిజం ఉంది. కీలు ముందుభాగం వదులయిందని ఆయన గ్రహించాడు. వదులయింది చర్మం కాదని, లోపలి అంచు అని తెలియటానికి మాత్రం రెండువేల సంవత్సరాలకు పైగా పట్టింది.

బ్యాంకార్ట్ చూపిన చిరుగు

జర్మనీలో జార్జ్ పెర్తెస్ 1906లో ఈ అంచు ఊడిపోవటాన్ని గుర్తించి, దాన్ని తిరిగి ఎముకకు కుట్టాడు. కాని ఆ సంగతి అందరికీ ఎక్కలేదు. ఇంగ్లండులో బ్యాంకార్ట్ అనే సర్జన్ 1923లో ఒక వ్యాసం రాసి, పదేపదే జారే భుజాలలో అసలు లోపం గుంట ముందు అంచు నుంచి లేబ్రమ్ ఊడిపోవటమేనని గట్టిగా వాదించాడు. 1938లో మళ్ళీ రాసి, తాను 27 మందికి ఊడిన అంచును తిరిగి ఎముకకు కుట్టాననీ, ఎవరికీ భుజం మళ్ళీ జారలేదనీ చెప్పాడు. అప్పటినుంచి ఆ చిరుగుకు బ్యాంకార్ట్ గాయమనీ, ఆ కుట్టుకు బ్యాంకార్ట్ శస్త్రచికిత్స అనీ పేరు నిలిచింది.

1940లో హిల్, శాక్స్ అనే ఇద్దరు అమెరికా ఎక్స్‌రే డాక్టర్లు ఇంకొక గుర్తు చూపారు. ఎముక జారి బయటికి వచ్చినప్పుడు దాని తల వెనకభాగం గుంట అంచుకు తగిలి, కింద పడ్డ ఇత్తడి బిందెలాగా సొట్ట పడుతుంది. చుట్టకుదురు చిరిగి, కుండకు సొట్ట కూడా పడితే ఇక అది నిలబడేదెట్లా?

అయితే అందరు సర్జన్లూ బ్యాంకార్ట్ దారి పట్టలేదు. ఇరుకైన చోట లోతుగా కుట్టటం కష్టమైన పని. పుట్టీ, ప్లాట్ అనే ఇద్దరి పేర్లతో, 1948లో ఆస్మండ్-క్లార్క్ వివరించిన ఒక సులువైన పద్ధతి చాలాకాలం నడిచింది. చిరుగును ముట్టుకోకుండా ముందువైపు కండరాన్ని మడిచి పొట్టిచేసి కుట్టేవారు. భుజం జారటం ఆగేది గాని చెయ్యి బయటికి తిరగటం తగ్గిపోయేది. కొందరిలో ఏళ్ళు గడిచాక కీలు అరిగిపోయేది. తలుపు కొట్టుకుంటోందని మేకు దిగ్గొట్టి శాశ్వతంగా మూసేస్తే ఇల్లు క్షేమమే గాని మనిషి తిరిగేదెట్లా? సైనికుడికి చెయ్యి నిలవటం ఎంత ముఖ్యమో తిరగటం కూడా అంతే ముఖ్యం. అందుకే చిరిగిన చోటనే కుట్టాలన్న బ్యాంకార్ట్ మాటకు చివరికి అందరూ తిరిగి వచ్చారు.

గొట్టం, గూటం, దబ్బనం

జపానులో కెంజి తకాగి అనే ప్రొఫెసరు 1918లో మూత్రాశయం చూసే గొట్టాన్ని ఒక శవం మోకాలిలో పెట్టి చూశాడు. ఆయన శిష్యుడు మసాకి వతనాబే ఆ విద్యను పెంచి నిజంగా పనికివచ్చే ఆర్త్రోస్కోపు తయారు చేశాడు. మోకాలి నుంచి ఆ గొట్టం భుజానికి పాకింది. 1980ల చివరినుంచి ఎముకలో దిగే చిన్న మేకులు, వాటికి కట్టిన దారాలు రావటంతో, కండరాలు కోయకుండానే బ్యాంకార్ట్ కుట్టు వేయటం సాధ్యమయింది.

పని ఎట్లా జరుగుతుందో వరుసగా చెబుతాను. రోగికి మత్తు ఇచ్చి, మెడ పక్కన నరాలకు కూడా తిమ్మిరి మందు వేస్తారు. భుజం వెనక చిన్న రంధ్రం చేసి, సుమారు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టాన్ని లోపలికి పంపుతారు. దాని కొసన ఉన్న అద్దం కొంచెం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి గొట్టాన్ని తిప్పితే మూలలు కూడా కనబడతాయి. కీలులోకి ఉప్పునీరు ఎక్కించి ఉబ్బిస్తారు. బొమ్మ టి.వి. తెర మీద పడుతుంది. ముందువైపు ఒకటి రెండు రంధ్రాలు చేసి వాటిలోనుంచి పనిముట్లు పంపుతారు.

మొదటి పని, తప్పుచోట అతుక్కున్న లేబ్రమ్‌ను విడదీయటం. రెండవ పని, గుంట అంచు ఎముకను ఆకురాయితో గీకినట్టు గీకి రక్తం చెమ్మగిల్లేట్టు చేయటం. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. పాత గోడకు కొత్త సిమెంటు పట్టాలంటే ముందు గోడను చెక్కి తడపరా, ఇదీ అంతే. రక్తం రానిదే మాను కట్టదు. మూడవ పని, గుంట అంచు మీద సుమారు మూడు మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి మేకులు దింపటం. సాధారణంగా మూడు గాని అంతకు మించి గాని వేస్తారు. ఇవి టైటానియంవి ఉన్నాయి, ప్లాస్టిక్ జాతివి ఉన్నాయి, శరీరంలోనే కరిగిపోయేవి ఉన్నాయి. ఎద్దును కట్టటానికి నేలలో గూటం దిగ్గొట్టినట్టే. నాలుగవ పని, ఆ మేకుకున్న దారాన్ని వంకర సూదితో లేబ్రమ్ గుండా పోనిచ్చి లాగి ముడివేయటం. శనక్కాయల గోతాన్ని దబ్బనంతో కుట్టేవాళ్ళను చూసినవారికి ఈ పనిలో నేర్పు ఎక్కడుందో వెంటనే అర్థమవుతుంది. బిగువు తక్కువయితే వదులు, ఎక్కువయితే చిరుగు.

కుట్టింది సర్జనే అయినా అతికించేది శరీరమే. దారం ఎంత గట్టిదైనా అంచు ఎముకకు పట్టుకునే దాకా ఆపి ఉంచటమే దాని పని. అందుకు సుమారు పన్నెండు వారాలు పడుతుంది. మొదట నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి జోలెలో ఉండాలి. తర్వాత ఫిజియోథెరపీ డాక్టరు చెప్పిన కొలతలో కదలికలు, మూడు నెలలు నిండాక బలం పెంచే కసరత్తు. తాడు ఎక్కటం, గోడ దూకటం, కబడ్డీ వంటివి సుమారు ఆరునెలలకు. ఇందులో ఏ మెట్టూ దాటవేయటానికి లేదు. నొప్పి పోయిందని రెండో నెలలోనే బస్తా ఎత్తితే కుట్టు అక్కడే తెగుతుంది.

ఎప్పుడు కుట్టాలి?

ఇది పెద్ద వాదన. మొదటిసారి జారినప్పుడే కుట్టాలా, మళ్ళీ జారితే చూద్దామని ఆగాలా? ఈ ప్రశ్నకు గట్టి సమాధానాలు సైనికుల మీద జరిగిన పరిశీలనలనుంచే వచ్చాయి. అమెరికా వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో మొదటిసారి భుజం జారిన 63 మంది కేడెట్ల కీలు లోపల గొట్టంతో చూశారు. 61 మందికి అంచు ఊడి ఉంది. ఇది 1997లో ప్రకటించారు. అంటే "ఒక్కసారే కదా జారింది" అనుకున్నవాళ్ళలో నూటికి 97 మందికి లోపల చుట్టకుదురు చిరిగిపోయే ఉందన్నమాట.

అదే కళాశాలలో 1994లో వచ్చిన ఇంకొక పరిశీలనలో, జోలెలో పెట్టి ఊరుకున్న 15 మందిలో 12 మందికి భుజం మళ్ళీ జారింది. కుట్టించుకున్న 21 మందిలో ముగ్గురికి మాత్రమే మళ్ళీ ఇబ్బంది వచ్చింది. తర్వాత హవాయి దీవుల్లోని సైనిక ఆసుపత్రి డాక్టర్లు ఎవరికి ఏ వైద్యమన్నది చీటీలు వేసినట్టు నిర్ణయించి, 2002లో ఫలితాలు చెప్పారు. కుట్టనివారిలో 12 మందిలో 9 మందికి, కుట్టినవారిలో 9 మందిలో ఒక్కరికి భుజం మళ్ళీ జారింది. సైన్సు విద్యార్థులుగా మనం సంఖ్యలు చిన్నవని గమనించాలి. వీళ్ళంతా కఠిన శిక్షణలో ఉన్న కుర్రవాళ్ళనీ, యాభై ఏళ్ళ మనిషికి ఇదే లెక్క వర్తించదనీ కూడా గమనించాలి. అయినా పరిశీలన తర్వాత పరిశీలన ఒకే దిక్కు చూపుతున్నప్పుడు దాన్ని తోసివేయలేం.

ఆగితే ఏమవుతుందో మా బంధువుల్లోనే చూశాం. నాకు చిన్నాయన వరసయ్యే ఒకాయన ఫౌజులో ఉన్నాడు. శిక్షణలో గోడ మీదనుంచి పడి భుజం జారింది. ఎక్కించారు, మూడు వారాలు జోలె వేశారు, నొప్పి పోయింది. ఆ తర్వాత వాలీబాల్ ఆడుతూ ఒకసారి, సెలవు మీద ఊరికి వచ్చి మేకలకు కొమ్మ కొడుతూ ఒకసారి జారింది. ఊళ్ళో ఎముకలు సరిచేసే పెద్దాయన ఒకరు లాగి ఎక్కించినాడు. "బెణికిందిలే, రెండు దినాలకు సర్దుకుంటాది" అనుకున్నారు ఇంట్లో. కేటగిరీ పడిపోతుందని భయపడి ఆయన యూనిట్‌లో చెప్పనే లేదు. చివరికి నిద్రలో పక్కకు ఒత్తిగిలితే కూడా జారే దశ వచ్చింది. అప్పటికి జారిన ప్రతిసారీ ఒరుసుకుని ఒరుసుకుని గుంట ముందు అంచు ఎముకే అరిగిపోయింది. కుట్టటానికి ఆధారమే లేదు.

అట్లాంటివాళ్ళకు వేరే శస్త్రచికిత్స ఉంది. ఫ్రాన్సులో లియాన్ నగరానికి చెందిన లతర్జే అనే సర్జన్ 1954లో చెప్పింది. రెక్క ఎముక ముందువైపు కాకి ముక్కులాగా వంగి ఉండే ముక్క ఒకటి ఉంది. దాన్ని దానికి అంటుకున్న కండరంతో సహా కోసి తెచ్చి, అరిగిన అంచు దగ్గర స్క్రూలతో బిగిస్తారు. గుంటలో సుమారు అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఎముక పోయినప్పుడు ఇదే నమ్మకమైన దారి. గట్టు తెగిపోయిన చోట మట్టి కాకుండా బండ తెచ్చి వేసినట్టు. మా చిన్నాయనకు అదే చేశారు. ఇప్పుడాయన బాగానే ఉన్నాడు, ఉద్యోగంలోనే ఉన్నాడు. కాని ఆయన నాతో అన్న మాట ఇది: "మొదట్లోనే చూపిచ్చుకోనుంటే నాలుగు కుట్లతో పొయ్యేది రా అబ్బయ్యా. ఎముక కోసి అతికిచ్చే దాకా తెచ్చుకుంటిమి."

అన్ని చిరుగులూ కుట్టవలసినవి కావు

ఇది చదివి భుజం నొప్పి ఉన్న ప్రతివాడూ ఆపరేషను చేయించుకోవాలని అనుకోకూడదు. లేబ్రమ్ పైభాగంలో, కండ దండ ఎముకకు అతుక్కునే చోట వచ్చే చిరుగు ఒకటుంది. దీనికి 1990లో స్నైడర్ అనే అమెరికా సర్జన్ స్లాప్ అని పేరు పెట్టాడు. సైనికుల్లో ఇది కూడా ఎక్కువే. మొదట్లో దీన్ని కూడా అదేవిధంగా కుట్టేవారు. 2013లో ప్రకటించిన ఒక పరిశీలనలో, ఇట్లా కుట్టించుకున్న 179 మంది అమెరికా సైనికుల్లో మూడోవంతుకు పైగా మందికి ఆశించిన ఫలితం రాలేదు. ముఖ్యంగా 36 ఏళ్ళు దాటినవారికి. ఇప్పుడు వయసు మళ్ళినవారికి అంచును కుట్టటానికి బదులు ఆ కండ దండనే కోసి కొంచెం కింద ఎముకకు అతికిస్తున్నారు. చాలామందికి కసరత్తుతోనే సరిపోతుంది. తప్పు ఫలితాలను కూడా దాచకుండా ప్రకటించి, పద్ధతి మార్చుకోవటమే వైద్యశాస్త్రం గొప్పతనం.

మనం చేయవలసింది

సైనికుల భుజాల మీద నేర్చుకున్న ఈ విద్య సైనికులకే పరిమితం కాదు. ఎర్రగుంట్ల పక్క నాపరాళ్ళ గనుల్లో బండలెత్తేవాడి భుజమూ, చేలో మందు పంపు మోసేవాడి భుజమూ, మన కళాశాల కబడ్డీ జట్టులో పట్టు పట్టేవాడి భుజమూ, ఎన్.సి.సి. కేడెట్ భుజమూ అదే సాసరు, అదే చుట్టకుదురు.

కాబట్టి కొన్ని సంగతులు గుర్తుంచుకుందాం. భుజం జారినప్పుడు తెలియనివాళ్ళు చెయ్యి పట్టుకుని గుంజకూడదు. చంక దగ్గరగా పోయే నరం, రక్తనాళం దెబ్బతినవచ్చు, ఎముక విరిగి ఉంటే ఇంకా విరగవచ్చు. ఏ తువ్వాలుతోనో చేతిని ఛాతీకి కట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ముందు ఎక్స్‌రే, తర్వాత ఎక్కించటం, మళ్ళీ ఎక్స్‌రే. మన జిల్లాలో విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకునే అలవాటు ఉంది. విరిగిన ఎముకను కదలకుండా పట్టి ఉంచటానికి కట్టు పనికివస్తుంది. ఊడిన లేబ్రమ్‌ను ఏ కట్టూ దాని చోటికి తీసుకురాలేదు. ఎక్స్‌రేలో కూడా మృదులాస్థి కనబడదు. "ఎక్స్‌రే బాగుంది" అన్న మాటతో సంతోషపడి ఇంటికి పోకుండా, ఇరవై ఏళ్ళ లోపల, ఇరవై ఏళ్ళ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఎముకల డాక్టరును ఎమ్.ఆర్.ఐ. అవసరమా అని అడగాలి. బీమ్‌కు వేలాడేవాళ్ళు ముందు భుజం చుట్టూ ఉన్న చిన్న కండరాలను కసరత్తుతో గట్టిపరచుకోవాలి. ఒక్కసారి ఊపుతో ఎగిరి పట్టుకుని వేలాడటం మానాలి.

అన్నింటికంటే ముఖ్యం, దాచకపోవటం. ఉద్యోగం పోతుందనీ, ర్యాలీలో తీసేస్తారనీ భయపడి దాచిన భుజాలే ఎక్కువ చెడిపోతున్నాయి. ఆ భయం అర్థం లేనిది కాదు. ఒక్క ఉద్యోగం మీద ఇల్లంతా ఆశ పెట్టుకున్న కుటుంబాలు మనవి. వానలు మోసం చేసే ఈ నేలలో నెలనెలా వచ్చే జీతం ఎంత విలువైనదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని నాలుగు కుట్లతో పోయేది దాచినకొద్దీ ఎముక దాకా పోతుంది. ఎముక పోయిన తర్వాత దాచుదామన్నా దాగదు. కాబట్టి మన తమ్ముళ్ళలో ఎవరికైనా పొద్దున్నే బీమ్ దగ్గర భుజం జారిందని తెలిస్తే, "ఏం కాదులే" అని పంపకుండా, వెంటబెట్టుకుని ప్రొద్దుటూరుకో కడపకో పోయి చూపించటం చదువుకున్న మన పని.